ఏడో చిమ్ము

నా చిన్నప్పుడు నీళ్ళంటే నాకు భయమని ఇంట్లో అందరూ అనేవారు. అది సరైన మాట కాదు. బిందెలో నీళ్ళంటే భయం లేదు, కాలవలో మోకాటిలోతు నీళ్ళన్నా భయం లేదు. అడుగు కనిపించని నీళ్ళంటేనే భయం. ఏ సంగతైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న పట్టింపు నాకు ఎక్కువని ఇప్పుడు మా వాళ్ళు విసుక్కుంటారు. ఆ పట్టింపు నాకు పుట్టుకతో రాలేదు. ఒకే ఒక్క పొద్దున, దివిసీమలో, కృష్ణ పాయ మీద, ఆగిపోయిన లాంచీలో వచ్చింది.

అప్పటికి నాకు పదేళ్ళు నిండి మూడు నెలలు. మాఘ పౌర్ణమికి మర్నాడు. మాది గూడూరు దగ్గర పల్లెటూరు. మా నాయనమ్మ చెల్లెలు ఎదురుమొండి లంకలో ఉండేది. ఆవిడ మనవరాలి బారసాలకు నాయనమ్మ నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. ముందురోజు సాయంత్రానికి నాగాయలంక చేరి, తెలిసినవాళ్ళింట్లో పడుకుని, పొద్దున ఎనిమిదిన్నరకల్లా రేవుకు వచ్చాం. లంకకు పోయేది చెక్క లాంచీ, మధ్యలో డీజిలు ఇంజను. లాంచీ నడిపేవాడిని సరంగు అంటారు. ఆ సరంగుకు నలభై ఏళ్ళుంటాయి. బందరులో ఇంజన్ల షాపులో పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఎక్కినవాళ్ళంతా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తున్నారు. నేనూ అలాగే పిలిచాను.

ఏరు దాటేటప్పుడు కృష్ణమ్మకు పసుపూ కుంకుమా ఇవ్వడం మా ఇంటి ఆడవాళ్ళ అలవాటు. నాయనమ్మ ఇంకో మెట్టు పైన. ఎర్రటి రవికె గుడ్డ కొసన పసుపుకొమ్ము, కుంకుమ పొట్లం, గుప్పెడు బియ్యం మూటకట్టి నా చేతికిచ్చింది. చిన్నపిల్ల చేత్తో ఇస్తే తల్లి సంతోషిస్తుందని, రేవులో వదిలి దణ్ణం పెట్టుకుని రమ్మని చెప్పి, తను ముందు లాంచీ ఎక్కేసింది.

నేను నాలుగు మెట్లు దిగాను. అయిదో మెట్టు నీళ్ళలో ఉంది, ఆరోది కనిపించలేదు. కాలు పెడితే బురద జారింది.  మూటను పావడా బొడ్లో దోపుకుని వెనక్కి వచ్చేశాను.

“వదిలావుటే?” అంది నాయనమ్మ.

“ఆఁ,” అన్నాను. ఆ రోజు చెప్పిన అబద్ధాలు రెండు. ఇది మొదటిది, చిన్నది.

లాంచీలో సరంగుతో కలిపి పదకొండు మందిమి. ఎక్కగానే లెక్కపెట్టాను. భయం వేస్తే కనిపించినవన్నీ లెక్కపెట్టడం నాకు అప్పటికే అలవాటు. నా ఎదురుగా చిలకలపూడి నుంచి గిల్టు నగలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన, ఒళ్ళో రేకు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. చేతికి గడియారం ఉంది. అయిదు నిమిషాలకోసారి దాన్ని చూసుకుని, ఎవరూ అడగకపోయినా టైము చెప్పేవాడు. ఆ పొద్దుటి గంటలూ నిమిషాలూ నాకింత కచ్చితంగా తెలియడం ఆయన పుణ్యమే.

నేను బల్లను రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోవడం సరంగు మావయ్య చూశాడు. చూసి, నా పక్కన లాంచీ ఎడమ గోడకున్న ఇనుప గొట్టాన్ని చూపించాడు. ఇంజను తిరుగుతుంటే అందులోంచి నీళ్ళు ఆగి ఆగి చిమ్ముతున్నాయి.

“పాపా, నీకు లెక్కలొచ్చా?”

“లక్ష దాకా వచ్చు మావయ్యా.”

“అంతక్కర్లేదు, లంక దాకా వస్తే చాలు. ఇది లాంచీకి నాడి. ఇంజను అడుగునుంచి ఏటి నీళ్ళు తాగుద్ది. ఆ నీళ్ళు దాని ఒళ్ళంతా తిరిగి, వేడి లాక్కుని, ఇటునుంచి బయటపడతాయి. నేను చుక్కాని దగ్గరుంటే నాకిది కనపడదు. నువ్వు చూస్తా ఉండు. ఆగిందా, కేకెయ్యి.”

ఎందుకు ఆగుతుందని అడిగాను. ఆగడం రెండు రకాలని చెప్పాడు. పంపు అరిగిపోతే ధార సన్నబడి సన్నబడి ఆగుతుంది. అడుగున నీళ్ళు తాగే నోటికి ఏదైనా అడ్డం పడితే ఠక్కున ఆగుతుంది. ఏ రకమో చూసి చెబితే సగం రిపేరు అయిపోయినట్టే అన్నాడు. అది నా భయం పోగొట్టడానికి అప్పటికప్పుడు కల్పించిన పని అని నాయనమ్మ నవ్వింది. కొంత నిజమే కావచ్చు. కానీ నేను దాన్ని ఉద్యోగంలాగే తీసుకున్నాను. నా దగ్గర చింతపిక్కలున్నాయి. వంద చిమ్ములకు ఒక చింతపిక్క చొప్పున కుడి గుప్పిట్లోంచి తీసి ఒళ్ళో వేసుకుంటూ లెక్కపెట్టాను.

పద్నాలుగు పిక్కలు ఒళ్ళోకి చేరేసరికి గట్లు దూరమయ్యాయి. నీళ్ళ అడుగు ఎక్కడుందో తెలియడం లేదు. బొడ్లో ఉన్న మూట మాత్రం తెలుస్తోంది. కృష్ణమ్మకు చెందింది నేను దాచుకుని ఆమె నడుం మీదే ప్రయాణం చేస్తున్నానని తోచింది. ఆ ఆలోచన వచ్చాక ఒక్క క్షణం ఆగలేకపోయాను. లాంచీ ఇసుక మేట పక్కగా పోతూ వేగం తగ్గించింది. నాయనమ్మ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. నేను లేచి, నాలుగడుగులు ముందుకు వెళ్ళి, మూటను గోడ వెంబడే కిందికి జారవిడిచాను. గుడ్డ విచ్చుకుంది. బియ్యం బరువుకు కొస మునిగి, ఎర్రగా ఒకసారి మెలితిరిగి, లాంచీ కిందికి పోయింది.

అప్పుడు కూడా నా పెదవులు లెక్కపెడుతూనే ఉన్నాయి. గుడ్డ వదిలినప్పుడు పద్నాలుగు వందల పాతిక. తిరిగి వచ్చి కూర్చునేలోపు ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఆ తరువాతది రాలేదు.

సన్నబడలేదు, తగ్గలేదు. ఏడో చిమ్ము మొదటిదానంత బలంగా వచ్చింది, ఎనిమిదోది లేదు. గొట్టం చివర ఒక్క బొట్టు వేలాడి రాలిపోయింది.

కేక వెయ్యాలి. నా ఉద్యోగమే అది. నేను వెయ్యలేదు. మళ్ళీ వస్తుందేమోనని గొట్టం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను. నా జీవితంలో నేను లెక్కపెట్టని సమయం అదొక్కటే. ముందు కాలిన రంగు వాసన వచ్చింది. తరువాత ఇంజను చప్పుడు మారింది, గొంతు పట్టినవాడి మాటలా. ఆ తరువాత ఆవిరి లేచింది. మావయ్య ఒక్క దూకున వచ్చి ఇంజను ఆపేశాడు.

“తొమ్మిదీ ఇరవై,” అన్నాడు చిలకలపూడి ఆయన.

ఇంజను ఆగిన లాంచీలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. చెక్కల కింద నీళ్ళు గుసగుసలాడుతూ పోవడం వినిపించింది. పౌర్ణమి దాటిన మర్నాడు సముద్రం నీళ్ళను గట్టిగా వెనక్కి లాగుతుంది. దాన్ని పాటు అంటారు. ఆ పాటు మొదలై కొంతసేపే అయింది. లాంచీ ముక్కు మెల్లగా తిరిగి సముద్రం వైపు చూసింది. ఇద్దరు మగవాళ్ళు లంగరు వేశారు. అది మెత్తటి ఒండులో పట్టక, ఈడ్చుకుంటూ మాతోబాటే వస్తోంది. గడ వేస్తే నేల అందలేదు.

చిలకలపూడి ఆయన బకెట్టుతో ఏటి నీళ్ళు ముంచి ఇంజను మీద పొయ్యబోయాడు. మావయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఏంటండీ మీరు! కాలిన పెనం మీద చన్నీళ్ళు పోస్తారా? పోత ఇనుం, నిలువునా పగిలిపోద్ది. అప్పుడిక మీ నగలు సముద్రంలో చేపలకి అమ్ముకోవాల.”

“చేపలు అప్పు పెడతాయయ్యా, నేనొల్లను,” అన్నాడాయన. బకెట్టు కింద పెట్టేశాడు.

అప్పుడు మావయ్య నా దగ్గరకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దవాళ్ళెవరినీ అడగలేదు. నన్నే అడిగాడు.

“నువ్వు చూశావుగా పాపా. ఠక్కున ఆగిందా, సన్నబడి ఆగిందా?”

ఠక్కున అంటే ఏదో అడ్డం పడిందని అర్థం. ఏం పడిందని అడుగుతాడు. నాయనమ్మ వింటోంది. పదకొండు మందిని ఏట్లో ఆపేసింది నేనేనని తెలిసిపోతుంది.

“సన్నబడి,” అన్నాను. “సన్నబడి... సన్నబడి.” ఇది రెండో అబద్ధం.

ఆయన ఇంకో మాట అడగలేదు. పొద్దున్నే ఒడ్డున నీళ్ళు తాగే నోరు శుభ్రం చేశానని, అయితే పంపేనని తనలో తను అనుకుంటూ పానా తీసుకుని ఇంజను మీదికి వంగాడు. పంపు కాలిపోతోంది. చేతికి తడిగుడ్డ చుట్టుకుని బోల్టులు విప్పాడు. గుడ్డ ఎండిపోయినప్పుడల్లా పళ్ళ మధ్య ‘ఇస్’ మంటూ చెయ్యి విదిలించి, మళ్ళీ తడుపుకుని విప్పేవాడు. పదేళ్ళ పిల్ల చెప్పిన ఒక్క మాట మీద ఆ పెద్ద మనిషి వేళ్ళు కాల్చుకుంటున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

గట్టు మీద ఒక్కొక్క మడచెట్ల గుంపూ వెనక్కి పోతోంది. మూడు, నాలుగు, అయిదు. గోధుమ రంగు నీళ్ళలో ఆకుపచ్చ కలుస్తోంది. లాంచీ కింద అల అన్నది మొదలయింది. దూరంగా తెల్లటి గీత కనిపించింది. అది ఏరు సముద్రంలో కలిసే మొగ అని, అక్కడ అలలు విరుగుతాయని, ఇంజను లేని లాంచీ అక్కడ అడ్డం తిరిగిందంటే బోల్తాయేనని వెనక ఎవరో అన్నారు. ఎవరో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది.

నాయనమ్మ ఏడవలేదు. నన్ను దగ్గరకు లాక్కుని, ఆవిడతో ధైర్యంగా అంది: “ఏడవకండమ్మా. పొద్దున్నే మా పిల్ల చేత్తో తల్లికి రవికె గుడ్డ ఇప్పించాను. ఆ గుడ్డే మనల్ని ఒడ్డున పడేస్తుంది.”



“తొమ్మిదీ యాభై,” అన్నాడు చిలకలపూడి ఆయన.

మావయ్య పంపు లోపలి రబ్బరు చక్రాన్ని బయటికి తీశాడు. దానికి రెక్కలుంటాయి, అవే నీళ్ళను తోస్తాయి. అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కటే వంచి చూశాడు. ఆరు రెక్కలు. ఆరూ గట్టిగానే ఉన్నాయి. ఆయన ముఖంలో నేను మొదటిసారి భయం చూశాను. అప్పటిదాకా ఆయన భయపడలేదు, ఎందుకంటే ఏం విప్పాలో ఆయనకు తెలుసు. ఇప్పుడు తెలియడం లేదు. చక్రాన్ని మళ్ళీ లోపల పెట్టి బిగించి, బెల్టు లాగి చూశాడు. తల గోక్కున్నాడు. తెల్లగీత వైపు ఒకసారి చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు ఎర్రగా ఉబ్బాయి.

నాయనమ్మ చెయ్యి విడిపించుకుని వెళ్ళాను. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఏడుస్తూ చెప్పలేదు. ఏడిస్తే అంకెలు తప్పుతాయని భయం.

“పద్నాలుగు వందల పాతిక దగ్గర నేను రవికె గుడ్డ ఏట్లో వేశాను మావయ్యా. ముప్పై రెండు దగ్గర ఆగింది. ఏడే వచ్చాయి. సన్నబడలేదు.”

ఆయన నా వైపు తిరగలేదు కూడా. “ఏ పక్క?”

“ఎడం పక్క. గొట్టానికి ముందు, నాలుగడుగులు.”

“మూట కట్టుందా, విడిగుడ్డా?”

“కొసన మూట. మిగతాది విడి.”

“సరే. కూర్చో,” అన్నాడు. అంతే.

తరువాత ఆయన చేతులు తడుముకోలేదు. లాంచీ అడుగునుంచి నీళ్ళు లోపలికి వచ్చే చోట ఒక ఇత్తడి కుళాయి ఉంటుంది. దాన్ని కట్టేసి, పైనున్న రబ్బరు గొట్టం ఊడదీశాడు. ఊడదీసి, కుళాయి తిప్పాడు. గొట్టం లేని కుళాయి లాంచీ అడుగున తిప్పితే నీళ్ళు ఎగజిమ్మాలి. ఒక్క చుక్క రాలేదు. ఆయన ముఖం వెలిగింది. ఏమీ రాకపోవడం చూసి ఒక మనిషి అంత సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు. వంపు తిరిగిన తీగ ఒకటి లోపలికి పోనిచ్చి తిప్పాడు, లాగాడు. వత్తిలా మెలితిరిగిన ఎర్రటి పీలిక వచ్చింది. పటకారుతో పట్టి లాగాడు. జానెడు, మూరెడు. చివర పసుపు రంగు నీళ్ళు కారుతున్న మూట వచ్చి కుళాయి నోట్లో ఇరుక్కుంది. ఒక్క గుంజు గుంజాడు.

నీళ్ళు నడుమెత్తున లేచాయి. “మునిగాం రా దేవుడా!” అని చిలకలపూడి ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని బల్ల ఎక్కాడు. అందరూ ఒక్కసారే అరిచారు. మావయ్య మాత్రం తడిసి ముద్దయి నవ్వుతున్నాడు.

“రానివ్వండి, రానివ్వండి! ఇవి వస్తేనే బతికేది!”

కుళాయి కట్టాడు. గుడ్డను ఎవరూ చూడకముందే పిండి తన నడుముకున్న తుండులో చుట్టేశాడు. గొట్టం బిగించి, కుళాయి మళ్ళీ తెరిచాడు. కానీ వెంటనే ఇంజను వేయడానికి లేదు. ఆ నీళ్ళు మెల్లమెల్లగా లోపలికి ఎక్కి దాని ఒళ్ళు చల్లార్చాలి. ఆ ఎదురుచూపు అన్నిటికన్నా భయంకరం. బాగు చేసిన ఇంజను మా మధ్యనే ఉంది, తెల్లగీత చప్పుడు చెవుల్లో పడుతోంది, ఆయన ఇనుము మీద అరచెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. మూడుసార్లు ఊపాడు. నాలుగోసారి లేచి హ్యాండిలు పట్టుకున్నాడు. పదిన్నర అని ఎవరూ చెప్పలేదు. చిలకలపూడి ఆయన గడియారం చూశాడు గానీ నోరు విప్పలేదు. ఆయన చేతిమీదికి వంగి నేనే చూశాను.

ఇంజను అందుకుంది. పదకొండు మందిమీ గొట్టం వైపే చూశాం. ముందు గాలి వచ్చింది. దగ్గినట్టు రెండుసార్లు ఆవిరి. తరువాత ఎర్రమట్టి రంగు నీళ్ళు భళ్ళున చిమ్మాయి. నేను ఒకటి అని గట్టిగా అన్నాను. రెండు అన్నది చిలకలపూడి ఆయన. మూడుకు అందరూ కలిశారు.

పాటుకు ఎదురీదుతూ లంక చేరేసరికి మధ్యాహ్నమయింది. రేవులో నాయనమ్మ ఆయన్ని అడిగింది, “ఏమొచ్చిందయ్యా దానికి?” అని.

“నోటికి ఏదో అడ్డం పడిందండీ అమ్మగారూ. తీసేశాను,” అన్నాడు.

అందులో అబద్ధం లేదని తరువాత చాలా ఏళ్ళు ఆలోచించి ఒప్పుకున్నాను. జరిగింది చెప్పాడు, పేరు చెప్పలేదు.

నాయనమ్మను ఒడ్డున నీడలో కూర్చోబెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. తుండులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. బురదలో ఆయన ముందు నడిచాడు, ఆయన పాదం తీసిన చోటే నేను పాదం పెట్టాను. మోకాళ్ళు మునిగేదాకా పోయాం. అక్కడ వదిలాను. ఈసారి దణ్ణం కూడా పెట్టాను.

వెనక్కి వస్తూ ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు. “గుడ్డ వేసినందుకు ఇంజను ఆగింది పాపా, అది ఎవరికైనా జరుగుద్ది. నువ్వు రకం మార్చి చెప్పినందుకు నేను మంచి పంపుని విప్పుకుంటా కూర్చున్నాను.” కోపంగా అనలేదు. ఆ వేళ్ళు చూపించను కూడా లేదు. నేనే చూశాను. రెండు వేళ్ళ మీదా బొబ్బలు తేలాయి.

పెద్దయ్యాక ఆ పొద్దుటిని కాగితం మీద లెక్కవేశాను. తొమ్మిదీ ఇరవై నుంచి నేను నిజం చెప్పిన తొమ్మిదీ యాభై అయిదు దాకా ముప్పై అయిదు నిమిషాలు. లంగరు ఈడ్చుకుంటూ గంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున కొట్టుకుపోయామనుకున్నా, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. నా రెండో అబద్ధం పదకొండు మందిని సముద్రానికి అంత దగ్గర చేసింది.

ఇప్పుడు నేను బందరులోనే ఉంటున్నాను. పోయిన నెల డాక్టరు గారు నా బీపీ చూసి, పెరిగిందని, మందు మార్చి గట్టిది రాయాలేమోనని ఆలోచిస్తూ, పాత మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అండీ అని అడిగారు. మా కోడలు గర్వంగా, “అత్తయ్యగారా? గడియారం తప్పినా ఆవిడ తప్పరండీ!” అంది. ఆయన అప్పటికే కలం తీశారు. అవునంటే అయిపోయేది. కోడలి ముందు పరువూ దక్కేది.

సంచీలోంచి మాత్రల లెక్క రాసుకునే నా చీటీ తీశాను. గడిచిన పదిహేను రోజుల్లో నాలుగు రోజులు మరిచిపోయానని, ఏయే రోజులో చదివి వినిపించాను. డాక్టరు గారు కలం మూసి, అయితే మందు మార్చక్కర్లేదు, ఉన్నదే సరిగ్గా వేసుకోండి అన్నారు. మా కోడలు దారంతా నన్ను ఏడిపించింది. ఆయన కలం మూస్తున్నప్పుడు నేను చూసింది ఆయన వేళ్ళని. అవి కాలలేదు.